టైర్లలో నీళ్ళు

ఐకాడ్ లేబర్ క్యాంపు ముందు పొద్దున్నే చెమటలు కారుతుంటే, రెండు స్వెట్టర్లూ మంకీ క్యాపూ తొడుక్కుని బస్సు కోసం నిలబడ్డ మనిషిని చూసి కొత్తవాళ్ళు జాలిపడతారు. పాతవాళ్ళు నవ్వుతారు. భోజన్న ఎవరినీ పట్టించుకోడు. అతని కొలువు అబుదాబి మాల్‌లోని మంచు పార్కులో. యంత్రం రాత్రంతా కురిపించిన మంచును చిన్న ట్రాక్టరుకు కట్టిన బ్లేడుతో, పిల్లలు జారే దిబ్బ మీదికి నెట్టడం అతని పని.

జగిత్యాల దగ్గర పదేళ్ళు ట్రాక్టరు నడిపిన చెయ్యి అది. గల్ఫుకొచ్చి ఎండలో మూటలు మోసి మోసి, నిరుడే మళ్ళీ స్టీరింగు పట్టుకుంది. కానీ ఏం లాభం? మంచు మీద టైర్లు గిర్రున తిరగడమే తప్ప బండి దిబ్బ ఎక్కదు. నిన్న ముదీర్, అంటే మేనేజరు, రామ్మోహనరావు పిలిచాడు. విజయవాడ మనిషి, కోపం వచ్చినా గొంతు పెంచడు.

"రేపు స్కూలు పిల్లలొస్తున్నారయ్యా భోజన్నా. వాళ్ళొచ్చేసరికి దిబ్బ మీద మంచుండాలి. లేదంటే ఏమనుకోకు, నిన్ను మళ్ళీ లోడింగుకే పంపించేస్తా. ఖలాస్."

ఇంటి దగ్గర భార్య నర్సవ్వ ఇంకో పక్క. "మంచుల ట్రాక్టర్ నడుపుతున్న అంటవు, ఒక్కసారన్న సూపియ్యవు" అని ఫోన్ చేసినప్పుడల్లా పోరుతోంది. జారే బండిని చూపిస్తే పరువు గంగలో కలుస్తుందని భోజన్న దాటేస్తూ వచ్చాడు.

అందుకే నిన్న సాయంత్రమే రెండు మందులు వేశాడు. మొదటిది పార్కుకు చలి పుట్టించే చిల్లర్ యంత్రాల మెకానిక్ మౌలా సాహెబ్ చెప్పింది. కడపాయన, ఒకప్పుడు ఎడారిలో టూరిస్టులను తిప్పాడు. "ఇసకలో బండి దిగబడితే ఏం చేస్తామప్పా? టైర్లలో గాలి తీస్తాం. నువ్వూ తియ్యి," అన్నాడు. తీశాడు. బండి సగం దాకా ఎక్కింది. రెండోది భోజన్న సొంతం.

"మా దిక్కు బురద దున్నేటప్పుడు ఎనక టైర్లల్ల నీళ్ళు పోస్తం సాహెబ్. బరువుకు పట్టు దొరుకుతది."

పోశాడు. బండి ఏనుగులా దిబ్బ ఎక్కి దిగింది. ఇద్దరూ కావిలించుకుని, ట్రాక్టరును అక్కడే చలిలో వదిలి క్యాంపుకు పోయారు. ఏడాదిగా మంచులోనే బతుకుతున్నా, నీళ్ళు గడ్డకడతాయన్న ముక్క ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. జగిత్యాలలో టైర్లో నీళ్ళు ఎప్పుడూ గడ్డకట్టలేదు మరి.

పొద్దున బండి కదిలించగానే ధబ్‌మని చప్పుడు. భోజన్న సీట్లోంచి జానెడు లేచి కూర్చున్నాడు. ఇంకో చుట్టు, ఇంకో ధబ్. గాలి తీసిన టైరు అడుగున అణిగిపోయి, అణిగినచోటే నీళ్ళు రాయిలా బిగిశాయి. చక్రానికి ఒక పక్క పీట చెక్కినట్టు చదునయింది.

"ఇదేందప్పా, గుర్రం మాదిరి ఎగురుతాంది?"

"ఎగురనీ సాహెబ్. టీ కౌంటర్ల ఉడుకునీళ్ళు వట్టుకరా."

ఉడుకునీళ్ళు టైర్ల మీద పోశారు. టైర్లలో మంచుగడ్డ చెక్కు చెదరలేదు కానీ, కింద నేల మీది మంచు కరిగింది. ఆ నీళ్ళు చలికి క్షణాల్లో అద్దంలా గడ్డకట్టాయి. ఇప్పుడు బండి ఎగురుతోంది, జారుతోంది కూడా. పైన చిల్లర్ గొట్టాల నిండా ఏడాదిగా పేరుకున్న నూగుమంచు, ధబ్ అన్నప్పుడల్లా చిటికెడు చిటికెడు రాలుతోంది. దాన్ని చూసే తీరిక ఎవరికుంది?

తలుపులు తెరుచుకున్నాయి. పిల్లలూ, వాళ్ళ టీచరూ, వెనకాలే రామ్మోహనరావూ లోపలికొచ్చారు. భోజన్నకు కళ్ళ ముందు లోడింగు యార్డు కనిపించింది. ఎండ, మూట, మళ్ళీ మూట.

"ఎక్కాలె. సచ్చినా బతికినా ఇయ్యాల ఇది ఎక్కాలె," అని పళ్ళు బిగబట్టి యాక్సిలేటరు తొక్కాడు.

ట్రాక్టరు మూడు గెంతులు గెంతి, పక్కకు జారి, గొట్టాలను మోసే ఇనుపస్తంభాన్ని బ్లేడుతో గుద్దింది. ఏడాది మంచు ఒక్కసారిగా అందరి మీదా కురిసింది. రామ్మోహనరావు తల నుంచి బూట్ల దాకా తెల్లగా నిలబడ్డాడు. కనుబొమలు కూడా తెలియడం లేదు.

ఖలాస్ అనడానికి ఆయన చెయ్యెత్తాడు. ఆ చేతిని టీచరు పట్టుకుని ఊపేసింది. ఇన్ని మంచు పార్కులు చూశాం, పైనుంచి మంచు కురిసేది ఇదొక్కటే, రేపు మిగతా క్లాసులను కూడా తెస్తామని ఆమె అంటోంది. పిల్లలు నోళ్ళు తెరిచి మంచు పట్టుకుంటున్నారు. ఫోన్లన్నీ వీడియోలు తీస్తున్నాయి.

ముదీర్ చెయ్యి మెల్లిగా దిగి భోజన్న భుజం మీద పడింది.

"నీ ఉద్యోగం ఎక్కడికీ పోదయ్యా. రోజూ పిల్లలొచ్చే వేళకి బండి ఇలాగే గెంతించి స్తంభాన్ని గుద్దు. ఆ టైర్లలో ఐసు మాత్రం కరగనివ్వకు."

"మరి మంచు దిబ్బ మీదికి ఎట్ల పోతది సార్?"

"దానికేముంది, నీకో పార తెప్పిస్తా."

సాయంత్రం దాకా భోజన్న పారతో మంచు ఎత్తిపోశాడు. ఎండ లేదన్న మాటే కానీ లోడింగుకూ దీనికీ తేడా ఏమిటో అతనికి అర్థం కాలేదు. క్యాంపు బస్సులో కూలబడేసరికి నర్సవ్వ ఫోన్.

"మీ పార్కుదట, ఈడియో ఊరంత తిరుగుతున్నది. గా కోతిటోపి పెట్టుకున్నోడు ఎవడు? సాపు జాగల గూడ గుంతలల్ల నడిపినట్టు నడుపుతున్నడు. అంత పెద్ద కంబం గూడ కనవడలేదా వానికి?"

భోజన్న చటుక్కున నెత్తి మీది టోపీ తడుముకున్నాడు. తర్వాత టోపీలో కళ్ళు తప్ప ఏమీ కనబడవని గుర్తొచ్చింది. పక్క సీట్లో మౌలా సాహెబ్ గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

"మౌలా సాహెబ్ అని, కడపాయన."

"పాపం, జర నువ్వు నేర్పరాదు?"

భోజన్న అరచేతుల్లో పార బొబ్బల్ని చూసుకున్నాడు.

"ఎంత నేర్పినా వస్తలేదే ఆయనకు," అన్నాడు.