సర్వమార్గ విముక్తి బస్సు

"తాగుడు మానడానికి ఎన్ని దారులున్నాయో అన్ని దారులనూ ఈ క్షణం నుంచి నేను అంగీకరిస్తున్నాను!" అని సూర్యప్రకాశరావుగారు సూరత్‌లోని సలాబత్‌పురా కమ్యూనిటీ హాల్లో ప్రకటించారు. ఇంతకాలం ఆ దారులు ఆయన అంగీకారం లేకుండా ఎలా నడిచాయో నాకు తెలీదు. ఆయన బ్యాంకులో రిటైరై, పార్టీ తెలుగు సెల్‌కు అధ్యక్షులయ్యారు. నేను ఆ సెల్‌కు ప్రెస్‌నోట్లు రాస్తాను. మహానుభావుడి పక్కన నిలబడే భాగ్యం ఎందరికి దక్కుతుంది చెప్పండి!

పథకం పేరు సర్వమార్గ విముక్తి. భజన, యోగా, మందులు, కౌన్సెలింగ్, వీటిలో దేనితో మానినా సెల్ సర్టిఫికెట్ ఇస్తుంది.

మొదట వచ్చింది రాజమల్లు, వెంట భార్య ఎల్లవ్వ. అతను పల్సానాలో మగ్గాల మీద పనిచేసేవాడు. తాగి షిఫ్టులు ఎగ్గొట్టి పని పోగొట్టుకున్నాడు. ఇప్పుడు మానేసి పదకొండు నెలలు. మానినట్టు కాగితం తెస్తే సోమవారం నుంచి మగ్గం ఇస్తానని, లేదంటే ఇంకొకణ్ణి పెట్టుకుంటానని అక్కడి మగ్గాల మాస్టర్ చెప్పాడట.

"శభాష్! ఏ మార్గంలో మానావు?" అన్నారు అధ్యక్షులు.

"చీరలకు రాళ్లంటిచ్చుకుంట మానిన సార్."

ఎల్లవ్వ ఇంటికి చీరల జాబ్‌వర్క్ తెచ్చుకుంటుంది. సాయంత్రం అతనికి నాలుక పీకే వేళకు గమ్మూ, తళుకు రాళ్లూ చేతిలో పెడుతుంది.

"చెయ్యి వణికితె రాయి వంకర వోతది సార్. వంకర వోతె చీర వాపస్. మొదటి నెల అన్ని వాపసే. ఇప్పుడు ఒక్కటి గూడ రాదు" అని రాజమల్లు రెండు చేతులూ చాపి చూపించాడు. అవి కదల్లేదు. అది రాసుకోబోయి ఆగాను. ప్రెస్‌నోట్‌లో అలాంటివి రాయకూడదు.

"అద్భుతం! అంగీకరించాం. కానీ ఫారంలో నాలుగు గళ్లే ఉన్నాయి. రాళ్లంటించేటప్పుడు భజనేమైనా చేస్తావా?"

"లే సార్. ఆమె తిడుతది, నేను వింట."

"కౌన్సెలింగ్!" అని బల్ల చరిచారు. "అమ్మా, నీకేమైనా డిప్లొమా ఉందా?"

"మొగన్ని తిట్టుటానికి డిప్లొమా ఏంది సారూ? పెండ్లయి ఇరవై ఏండ్లాయె."

"అనుభవం ఇరవై ఏళ్లు, రాసుకో" అన్నారు నాతో. రాసుకున్నాను.

రెండో పేజీలో చిక్కొచ్చింది. మానకముందు తాగేవాడని రుజువు కావాలి.

"ఎక్కడ తాగేవాడివి?"

"ఈడనే సార్, సూరత్‌లనే."

అధ్యక్షులు చెవులు మూసుకున్నారు. "రాజమల్లూ! మన రాష్ట్రంలో మద్యనిషేధం. ఇక్కడెవరూ తాగరు. తాగానని రాస్తే నీ మీద కేసు. తాగలేదని రాస్తే మరి నువ్వు మానిందేమిటయ్యా?"

కానీ గొప్పవాళ్ల దగ్గర చిక్కులు ఎంతోసేపు నిలవవు. పక్కనే ఉన్న కేంద్రపాలిత డామన్‌లో నిషేధం లేదన్నారు. అక్కడికెళ్లి చట్టబద్ధంగా ఒక గ్లాసు తాగి, బిల్లు తీసుకుని, తిరిగొచ్చి నచ్చిన మార్గంలో మానెయ్యాలి. ఆదివారం పొద్దున్నే బస్సు. టిఫిన్ ఉచితం.

ఎల్లవ్వ లేచింది. "నీ కాగితం పాడుగాను! పదకొండు నెలలు కండ్లల్ల వత్తులేసుకుని కాపాడుకున్న. మళ్ల తాపిస్తవా? ఒక్క సుక్క వోతె ఆగుతడా ఈయన?"

"ఆవేశపడకమ్మా. మానడం ఎలాగూ వచ్చు కదా అతనికి!"

ఆదివారం కడోదరా దగ్గర నలభైమంది బస్సెక్కారు. ఎన్నడూ తాగనివాళ్లు పదిమంది కూడా, మానాల్సిందేనన్న పట్టుదలతో వచ్చారు. "సార్‌ను ఇంకోపారి బతిమిలాడుత" అని పెళ్లానికి చెప్పి రాజమల్లూ ఎక్కాడు.

డామన్ హోటల్లో అతని ముందు గ్లాసు పెట్టారు. బతిమిలాడాడు. "బిల్లు లేనిదే సర్టిఫికెట్ లేదు" అన్నారు అధ్యక్షులు. రాజమల్లు ఆ గ్లాసు వంకే చూస్తూ కూచున్నాడు. చేతులు వణకడం మొదలైంది. అయిపోయాడురా దేవుడా అనుకున్నాను. అతను గబుక్కున లేచి వెళ్లి బస్సులో కూచున్నాడు.

గ్లాసు వృథా కాకుండా సూర్యప్రకాశరావుగారు పుచ్చుకున్నారు. ఆపైన విస్కీ, రమ్, బీరు స్వయంగా పరిశీలించారు. ఏ ఒక్కదాన్నీ చిన్నచూపు చూడలేదు. అదీ ఆయన పెద్దమనసు.

మధ్యాహ్నం కడోదరాలో పత్రికలవాళ్లు కాచుకుని ఉన్నారు. అధ్యక్షులకు మెట్లు దిగడానికి కాళ్లు సహకరించలేదు. బస్సులో సరిగా నిలబడగలిగినవాడు రాజమల్లు ఒక్కడే. ఆయన చేతిని తన మెడ చుట్టూ వేసుకుని దించాడు. అధ్యక్షులు పార్టీవాళ్లు వేసిన దండతో నవ్వుతున్నారు. రాజమల్లు ఆయన బరువుకు వంగిపోయి, తల వేలాడేసి ఉన్నాడు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది.

"తూలిపోతున్న కార్మికుడికి అధ్యక్షుని ఆసరా" అని కింద మాట నేనే రాసిచ్చాను. సోమవారం మొదటి పేజీలో వేశారు.

అదే రోజు, డామన్ బిల్లు చూపి సర్టిఫికెట్ నంబర్ ఒకటి పొందిన గోపాల్ ఫొటో కోసం నేను పల్సానా వెళ్లాను. రాజమల్లు మగ్గం అతనికే ఇచ్చారు. నిన్నటిది ఇంకా దిగలేదు కాబోలు, మగ్గం పట్టుకుని ఊగుతున్నాడు. గుమ్మంలో రాజమల్లు, ఎల్లవ్వ నిలబడ్డారు. మాస్టర్ చేతిలో పేపరుంది.

"పదకొండు నెలలాయె అంటివి. ఇదేంది మరి?" అంటున్నాడు మాస్టర్.

ఎల్లవ్వ నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది.

"సారూ, నువ్వు బస్సుల ఉంటివి గద! జర మాస్టర్‌కు జెప్పు, ఎవలు ఎవలను మోసిండ్రో."

మాస్టర్ నా వైపు చూశాడు. నేను గోపాల్‌ను నిటారుగా నిలబెట్టి ఫొటో తీసుకున్నాను.