బాలయ్య చూపించిన బొంబాయి

పాన్‌గల్ బస్టాండు పక్కన బాలయ్య టీ హోటల్‌లో చాయ మామూలుగానే ఉంటుంది. అయినా జనం అక్కడికే వస్తారు. చాయతో పాటు అక్కడ బొంబాయి ఊరికే దొరుకుతుంది మరి.

వయసులో ఉన్నప్పుడు బాలయ్య మేస్త్రీ వెంట కూలికి బొంబాయి పోయి, కొన్నేళ్లు పనిచేసి వచ్చాడు. వచ్చి చాలా కాలమైనా ఆ నగరం అతని నోట్లో నిత్యం కొత్తగానే ఉంది. అతని బొంబాయిలో పొద్దున లేస్తే సముద్రమే వచ్చి కాళ్లు కడిగేది. వీధి దీపాల వెలుగుకు కోళ్లు ఎప్పుడు కూయాలో తెలియక పరేషాన్ అయ్యేవి. సినిమా హీరో మేడ మీది నుంచి చెయ్యూపి, "క్యా బాలయ్యా, ఖానా హోగయా?" అని తిండి సంగతి అడిగేవాడు.

"హీరోకు నీ పేరెట్ల తెల్సు?" అని పక్కనే పంక్చర్ దుకాణం నడిపే బాబు మియా ఒకసారి అడిగాడు.

"మేం కట్టిన మేడలనే ఉంటుండె. తెల్వకుంటెట్ల?" అన్నాడు బాలయ్య.

ఈ ముచ్చట్లు అందరికంటే ఎక్కువసార్లు విన్నది అతని భార్య హన్మమ్మ. పెళ్లయిన కొత్తలో అతను అక్కడ, ఆమె ఇక్కడ. అత్త దగ్గర ఉండి పల్లి చేన్లలో కలుపు తీస్తూ, పండుగకు అతను తెచ్చే వాసన సబ్బు కోసం ఎదురుచూసేది. సబ్బు అరగక ముందే అతను మళ్లీ బస్సెక్కేవాడు. ఆయన అన్ని దీపాల కింద తిరుగుతుంటే తాను గుడ్డి దీపం ముందు కూర్చుందని ఆమె మనసులో ఓ ముల్లు అలాగే ఉండిపోయింది.

అసలు సంగతి బాలయ్య ఒక్కడికే తెలుసు. అతను చూసిన బొంబాయి చాలావరకు పునాది గుంతల్లోనే ఉండేది. పైకి తలెత్తితే మేస్త్రీ కనిపించేవాడు.

ఇంతలో బిడ్డ నిరోష ఫోన్ చేసింది. అల్లుడికి బొంబాయిలోనే క్రేను నడిపే పని దొరికింది. "అమ్మా, నువ్వు, నాయిన ఇద్దరు రాండ్రి. నేనే వచ్చి తోల్కపోత," అన్నది.

హన్మమ్మ మొహం వెలిగింది. బాలయ్య మొహంలో కరెంటు పోయింది. ఆ సాయంత్రమే మంచం మీద పడి మూలిగాడు.

"నడుము పట్టేసిందే, హన్మమ్మా."

"పొద్దుగాల గ్యాస్ సిలిండర్ ఎత్తితే పట్టలే. బొంబాయి పేరెత్తంగనే పట్టిందా?"

"నొప్పికి వేళాపాళా ఉంటదా?"

"నీ నొప్పికి తెలివి మాత్రం మస్తుగున్నది."

"నువ్వు పోయి రా. ఏ సందుల మలగాల్నో, ఏం సూడాల్నో ఈడికెల్లే ఫోన్ల చెప్త. నేను పక్కనున్నట్లే అనుకో."

"పక్కనుంటే పనులన్నీ నేనే చేస్త గద, గట్లనేనా?" అంది హన్మమ్మ, బట్టలు సర్దుకుంటూ.

ఆమె బిడ్డతో కలిసి వనపర్తిలో బస్సెక్కగానే బాలయ్య నడుము తిన్నగా అయింది. అప్పట్నుంచి ఫోన్‌లో బొంబాయి వీడియోలు వరసబెట్టి చూశాడు. ఏ గేటు ఎటుందో, ఏ రోడ్డు ఎటు తిరుగుతుందో బట్టీ పట్టాడు. ఫోన్ మోగినప్పుడు మాత్రం మంచం ఎక్కి మూలిగేవాడు.

మొదటి వీడియో కాల్ సముద్రం పక్కనున్న పెద్ద గేటు దగ్గర్నుంచి వచ్చింది. బాబు మియా కూడా తొంగిచూశాడు.

"సముద్రం కనవడుతుందా?" అన్నాడు బాలయ్య గొప్పగా.

"జనాల నెత్తులు కనవడుతున్నయ్. వాటెన్క ఏదో తడిగున్నది, గదే కావచ్చు."

"నీలంగ మెరుస్తలేదా?"

"మన ఎర్రమట్టి కుంట నీళ్ల లెక్కనే ఉన్నది. పావురాలేమో నెత్తి మీదికే వస్తున్నయ్. లోకల్ రైల్ల నేను ఎక్కనే లేదయ్యా, ఎక్కిచ్చిండ్రు. దిగనూ లేదు, నూకిండ్రు. నా కాళ్లు నాకు కనవడక గంటసేపాయె."

"గాలి ఎట్లున్నది? సల్లగ, మల్లెపూల తీరు..."

"ఎండుచాపల తీరున్నది."

బాబు మియా నవ్వు మింగాడు. బాలయ్య ఫోన్‌ను దూరంగా పెట్టి, "హలో, హలో, సిగ్నల్ లేదు," అని నొక్కేశాడు.

తర్వాత హన్మమ్మ నుంచి ఉలుకూ పలుకూ లేదు. బాలయ్యకు ధైర్యం పెరిగింది. ఆదివారం హోటల్ ముందు మంచం వేసుకుని బోర్లా పడుకున్నాడు. పాపం, నొప్పి నిజమేననుకుని బాబు మియా ఇటుక వేడిచేసి, గుడ్డలో చుట్టి కాపడం పెడుతున్నాడు. అప్పుడు ఫోన్ మోగింది.

"ఏమయ్యా, నువ్వు చెప్పిన కాడికే వచ్చినం. సూడు!" అంది హన్మమ్మ చాలా ముద్దుగా. ఆ ముద్దుకే బాలయ్య అనుమానపడాల్సింది. పడలేదు.

తెర మీద నీలంగా ఏదో అలలు అలలుగా కదులుతోంది. దాని వెనక తెల్లగా, గుండ్రంగా ఎత్తైనదేదో ఉంది. కళ్లద్దాలు హోటల్ లోపల ఉన్నాయి. అయినా బాలయ్య గొంతు సవరించుకున్నాడు.

"గదే! గదేనే సముద్రం. ఆ అలలు సూడు, మియా. రోజు పొద్దుగాల మొహం గట్లనే కడుక్కుంటుంటి."

"మరి ఆ తెల్లది?"

"హీరో బంగ్లా! ఆ గుండ్రటి మేడ మీదికెల్లే నాకు చెయ్యూపుతుండె."

"మంచిగ సూసి చెప్పు."

"నేను ఇటుకలు మోసిన ఇల్లు నాకు తెల్వదా?"

ఫోన్ అవతల పెద్ద నవ్వు వినిపించింది. ఆ నవ్వు హన్మమ్మది కాదు.

"ఒరే బాలిగా! గది నీళ్ల ట్యాంకురా! సముద్రం గాదు, సిమెంటు బస్తాల మీద కప్పిన టార్పాలిన్!"

తెర మీదికి బోడితల, తెల్ల మీసాలతో ఒక మొహం వచ్చింది. బాలయ్య మంచం మీది నుంచి ఎగిరి నేల మీద నిలబడ్డాడు. కాపడం ఇటుక బాబు మియా కాలి పక్కన పడింది.

"యా అల్లా! ఏమాయె?"

"వెంకటన్నా!" అన్నాడు బాలయ్య.

లింగాల వెంకటన్న. ఒకే మేస్త్రీ కింద, ఒకే గుడిసెలో బాలయ్యతో బతికినవాడు. ఇప్పుడు నిరోష వాళ్లుండే బిల్డింగుకే వాచ్‌మన్. గేటు దగ్గర పాలమూరు మాట విని హన్మమ్మ ఊరు అడిగింది, అతను ఆమె మొగుడి పేరు అడిగాడు. ఆ తర్వాత రెండు రోజులు ఆమె ఊరు చూడ్డానికి పోలేదు. గేటు దగ్గర స్టూలు వేసుకుని అతను చెప్పిందంతా విన్నది.

"నడుము మంచిగైనట్లుంది గదా?" అంది హన్మమ్మ. "నీది బొంబాయి గాదయ్యా, బొంకుల బాయి. ఎంత తోడినా ఊరుతనే ఉంటది."

బాబు మియా ఇటుక తీసుకుని దుకాణానికి పోయాడు. ఆ పోవడమే బాలయ్యకు ఇటుక కన్నా ఎక్కువ కాలింది. చీకటి పడకముందే పాన్‌గల్ అంతా తెలిసిపోయింది.

హన్మమ్మ తిరిగొచ్చిన పొద్దున హోటల్ నిండా జనం. బాలయ్య పొయ్యి వెనక తల దాచుకున్నాడు. అందరూ నవ్వడానికే వచ్చారు. ఆమె మాత్రం బెంచీ మీద కూర్చుని మెల్లగా మొదలుపెట్టింది. టార్పాలిన్ గుడిసెలు, మోకాలి లోతు వాన నీళ్లు, ఆ నీళ్లలో తేలే అన్నం గిన్నె. వెంకటన్న తీసుకుపోయి చూపించిన పాత నాలుగంతస్తుల ఇల్లు, దాని గోడ.

"ఆ ఇటుకలన్నీ ఈయన మోసినవే. నేను చెయ్యి పెట్టి సూసిన. గోడ ఇంకా మంచిగనే ఉన్నది," అంది.

ఎవరూ నవ్వలేదు. ఒకాయన ఇంకో చాయ అడిగి, అది చల్లారే దాకా వింటూ కూర్చున్నాడు.

జనం పలచబడ్డాక బాలయ్య ఒక గ్లాసు చాయ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నాతోని అబద్ధమెందుకు చెప్పినవ్?" అంది హన్మమ్మ.

"నువ్వు సబ్బు వాసన సూసుకుంట నవ్వుతుంటివి. ఆ మొహం సూసి గుంతల ముచ్చట ఎట్ల చెప్పాలె?"

ఆమె గ్లాసు చేతిలోకి తీసుకుంది. బాలయ్య తువ్వాలుతో బల్ల తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"వెంకటన్న ఇంకేం చెప్పిండు?"

"అన్నీ చెప్పిండు."

"అన్నీ అంటే... నువ్వు యాదికొచ్చి టార్పాలిన్ కింద దుప్పటి కప్పుకొని ఏడ్చేది గూడ చెప్పిండా?"

హన్మమ్మ గ్లాసు కింద పెట్టింది.

"లేదు," అంది. "గది ఇప్పుడు నువ్వే చెప్పినవ్."

బాలయ్య తువ్వాలు భుజాన వేసుకుని, పాలు పొంగుతున్నాయంటూ లోపలికి పరుగెత్తాడు. పొయ్యి మీద పాలే లేవు.