ఐదు ప్రశ్నలు, అరగంట కరెంటు

భార్యకు మనసు బాగాలేకపోతే భర్త ఇక నోరు విప్పనక్కర్లేదు. మిషన్ వచ్చేసింది!

నవ్వకండి. నేను ముప్పై నాలుగేళ్లు గూడ్సు రైలుకు గార్డుగా పనిచేసి డోర్నకల్‌లో రిటైరై, ఇప్పుడు వారం వారం ఈ పేపరుకు రాస్తున్నవాణ్ణి. రైలు చిట్టచివరి పెట్టెలో ఒక్కణ్ణే కూర్చుని ఉద్యోగం చేశాను. నేను దిగిపోయాక ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని గొప్ప పేరు పెట్టారు, అది వేరే బాధ. ఈ ఫకీర్ అహ్మద్ ఒక మాట అన్నాడంటే వెనకా ముందూ చూసుకునే అంటాడని మా వాడకట్టులో అందరికీ తెలుసు. ముఖ్యంగా వెనక!

ఇంతకీ సంగతేమిటంటే, మా ఇంట్లోకి డిప్రెషన్ వచ్చింది. నాకు కాదు, మా బేగం నఫీసాకు. వచ్చినట్టు నాకెలా తెలుస్తుంది? ఒకప్పుడు ఆమె గొంతు రైల్వే గేటు దాకా వినిపించేది. పాలవాడితో, పిల్లితో, నాతో, అందరితోనూ అదే గొంతు. అది మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చి ఒకరోజు ఆగిపోయింది. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో అని నేను ఎనిమిది నెలలు సంతోషించాను.

కనిపెట్టింది మా అమ్మాయి కహ్కషాన్. భూపాలపల్లిలో నర్సు. సెలవుకు వచ్చి, ఒక్క పూట తల్లి పక్కన కూర్చుని, లేచి నా దగ్గరికి వచ్చింది.

"అబ్బా, అమ్మీ ఎన్ని దినాల సంది గిట్లున్నది?"

"ఎట్లున్నది? మంచిగనే ఉన్నది గదా!"

ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ; అబ్బా అంటే నాన్న, అమ్మీ అంటే అమ్మ. మీ కోసం తెలుగు చేసి పెడుతున్నాను. ఆ రోజు మా అమ్మాయి నన్ను చూసిన చూపును మాత్రం తెలుగు చేయడం నా వల్ల కాదు.

మర్నాడే తల్లిని హనుమకొండ తీసుకుపోయింది. డాక్టరుగారు మాత్రలు రాసి, వాటితోపాటు ఆరు వారాలకని ఒక మిషన్ ఇచ్చి పంపారు. నుదుటి మీద పెట్టుకునే పట్టీ. దానికి లోపల రెండు స్పాంజి ముక్కలు. వాటిని ఉప్పునీళ్లలో తడిపి, పట్టీ తలకు తగిలించుకుని, కుర్చీలో అరగంట కూర్చోవాలి. సన్నటి కరెంటు పోతుంది. చీమలు పాకినట్టు ఉంటుందట, అంతే. దవాఖానలో పడుకునేది లేదు, క్యూలో నిలబడేది లేదు. ఇంట్లో కూర్చుని మనసు బాగుచేసుకోవచ్చు. ఇంతకంటే వరం ఏముంటుంది?

అంతకుముందు మన దగ్గర మనసుకు వైద్యం లేదా అంటే, బోలెడుంది! "ఏదన్న పని పెట్టుకో." "జర బయట తిరిగి రా." "నీకేం తక్కువ?" ఈ మూడోది చాలా పవర్‌ఫుల్ మందు. ఒక్క డోసు పడితే చాలు, రోగి మళ్లీ జన్మలో తన బాధ చెప్పుకోడు! జనగామలో ఉన్న మా చెల్లెలు హఫ్సా ఫోన్‌లో ఈ మందు వారానికి రెండుసార్లు వేసేది. నేను ఇంట్లోనే ఉంటాను కాబట్టి రోజూ వేసేవాణ్ణి.

మిషన్ వల్ల మొట్టమొదటి లాభం, రోగం కంటికి కనబడటం. చేయి విరిగితే కట్టు కనిపిస్తుంది. కట్టు కనిపిస్తే బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకుని జనం పరామర్శకు వస్తారు. మనసు విరిగినవాళ్లకు ఎవరైనా బత్తాయిలు తెచ్చారా? మీరు తెచ్చారా? నేను తేలేదు. ఇప్పుడు తలకు పట్టీ ఉంది. అది కిటికీలోంచి కనిపించిన రెండో రోజే మా ఇల్లు పండ్ల దుకాణమైపోయింది!

నర్సింహులపేట నుంచి కిష్టయ్య వచ్చాడు. మాకు పాత దోస్తు, వ్యవసాయం చేస్తాడు. పట్టీని అటూ ఇటూ చూశాడు.

"త్రీ ఫేజా, సింగిల్ ఫేజా అన్నా? నా బాయికాడి మోటరుకే కరెంటు సాల్తలేదు, వదినె నెత్తికి యాడికెళ్లి తెస్తవ్?"

బ్యాటరీ అని చెప్పాను. "గట్లనా!" అని, తన మోటరుకు కూడా గట్లాంటిది దొరుకుతుందేమో కనుక్కోమన్నాడు.

పక్కింటి మైసమ్మ వచ్చి గడపలోనే ఆగిపోయింది. ఒకప్పుడు పొద్దున లేస్తే గోడ దగ్గర నిలబడి నఫీసాతో ముచ్చట పెట్టేది ఆమే. ఎనిమిది నెలలుగా ఆ గోడ కూడా ఖాళీ.

"గింత రోగమున్నదని ఒక్క మాట చెప్పకపోతివి బేగమక్కా! నువ్వు మాట్లాడకుంటే నామీద కోపమొచ్చిందనుకున్న. నేను గూడ మాట్లాడుడు బందు పెట్టిన" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నఫీసా పట్టీ తీసేసి మైసమ్మకు చాయ్ పెట్టడానికి లేవబోయింది. ఇంకా పది నిమిషాలు ఉంది, కూర్చో అని నేను కేకేశాను. డ్యూటీ అంటే డ్యూటీ!

ఇక రెండో లాభం, భర్తలకు ప్రత్యేకం. స్పాంజి తడపడం తప్ప మనకే పనీ లేదు. ఓదార్చనక్కర్లేదు, వినక్కర్లేదు. మిషన్ తన పని తాను చేస్తుంది, మనం పేపర్ చదువుకోవచ్చు. ఒక్కటే చిన్న చిక్కు. మిషన్ ఫోన్‌లోని యాప్‌తో నడుస్తుంది. ఆ యాప్ రోజూ ఐదు ప్రశ్నలు అడుగుతుంది. ఐదింటికీ జవాబు నొక్కితే తప్ప కరెంటు మొదలుకాదు. బాధ ఏమీ లేకపోతే సున్నా, బాగా ఎక్కువుంటే మూడు. ప్రశ్నలు ఇంగ్లీషులో ఉంటాయి. నఫీసాది బటన్ ఫోన్. కాబట్టి యాప్ నా ఫోన్‌లో పెట్టారు.

ఇక్కడ మీకు గార్డు ఉద్యోగంలో ఒక మర్యాద చెప్పాలి. రైలు ఆగని స్టేషన్ మీదుగా పోతున్నప్పుడు ప్లాట్‌ఫారం మీంచి పచ్చజెండా చూపిస్తారు. చివరి పెట్టెలోంచి గార్డు కూడా పచ్చజెండా చూపించాలి. ఆల్ రైట్ అని అర్థం. రైలు ఆగదు. మాటా పలుకూ ఉండదు. నేను డ్యూటీ దిగి ఇంటికి వచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి. "అంతా మంచిదేనా?" అనేవాణ్ణి. "మంచిదే" అనేది. చాయ్ వచ్చేది. పెళ్లయిన ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క ప్రమాదం లేదు!

అందుకని యాప్ అడిగిన ఐదు ప్రశ్నలకూ ఐదు సున్నాలు నొక్కాను. కరెంటు మొదలైంది. మర్నాడు కూడా అంతే. ఆమెను అడగడం ఎందుకు? భార్య సంగతి భర్తకు తెలియదా?

తొమ్మిదో రోజు హనుమకొండ నుంచి ఫోన్ వచ్చింది. డాక్టరుగారి దగ్గర పనిచేసే ప్రవళిక అనే అమ్మాయి.

"అంకుల్, ఆంటీకి పూర్తిగా నయమైనట్టు చూపిస్తున్నది. మొదటి రోజు సందే సున్నాలున్నయ్! మిషన్ కోసం వేరేవాళ్లు చూస్తున్నరు. వాపస్ పంపిస్తరా?"

చూశారా వైద్యం! కరెంటు మొదలు కాకముందే జబ్బు తగ్గిపోయింది! ఈ శుభవార్త గట్టిగా ఇంట్లో ప్రకటించాను. నఫీసా తలకున్న పట్టీ తీసింది. తీగను జాగ్రత్తగా చుట్టింది. టేబుల్ మీద పెట్టింది.

"మంచిదే" అంది.

అదే మాట, అదే గొంతు. ముప్పై ఒక్క ఏళ్లుగా నాకు పచ్చజెండాలా కనిపించిన మాట. మొదటిసారి అది నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో తెలియక మిషన్‌ను డబ్బాలో సర్దుతూ కూర్చున్నాను.

అంతలో మా అమ్మాయి ఫోన్. ప్రవళిక ఆమెకు కూడా చెప్పిందట.

"అన్నీ సున్నాలేంది అబ్బా? అమ్మీని అడిగి నొక్కినవా?"

"అడిగేదేమున్నది బేటా? ముప్పై ఏళ్ల సంది చూస్తలేనా?"

"చూస్తున్నవు. ఎన్నడన్న అడిగినవా?"

ఆ సాయంత్రం ఐదు గంటలకు డబ్బా మళ్లీ విప్పాను. స్పాంజి తడిపాను. కళ్లద్దాలు పెట్టుకుని ఫోన్ ముఖానికి దగ్గరగా పట్టుకున్నాను. ముఖం కనిపించకుండా ఉండటానికి ఫోన్ చాలా అనువైన వస్తువు. మొదటి ప్రశ్న చదివాను. ఈరోజు ఏ పని చేయాలన్నా మనసు రాలేదా?

నఫీసా నన్నే చూస్తోంది.

"ఇది మిషన్ అడుగుతున్నదా, మీరు అడుగుతున్నరా?"

"మిషన్" అన్నాను. అబద్ధం నాకు చేతకాదు.

"అయితే మూడు అని నొక్కుండ్రి."

నిద్ర పట్టడం లేదా? మూడు. ఆకలి తగ్గిందా? రెండు. నాలుగోది, ఒంటరిగా అనిపిస్తోందా అని. దానికి అంకె చెప్పలేదు. చేతులు చూసుకుంటూ మాట్లాడింది.

"మీరు డ్యూటీల ఉన్నన్ని దినాలు ఎదురుచూసుడన్న ఉండె. బండి లేటైంది, ఇగ వస్తరు, అగ వస్తరు అని. ఇప్పుడు ఇంట్లనే ఉన్నరు. ఎవలకోసం ఎదురుచూడాలె?"

నేను మూడు నొక్కాను.

ఐదో ప్రశ్న నేను చదవాలనుకోలేదు. బతకాలని లేదనిపించిందా, అని ఉంది. చదివాను. ఆమె వెంటనే సున్నా అనలేదు. నేను ఆగాను. జీవితంలో మొదటిసారి ఆమె జవాబు కోసం ఆగాను.

"ఒకటి. అప్పుడప్పుడు" అంది.

ఆహా, ఎంత ప్రశాంతంగా ఉంది అని నేను సంతోషించిన ఇల్లు అది. నాకు భయమేసింది. అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. ఆ అరగంటా పేపర్ ముట్టుకోలేదు, ఆమె కుర్చీ పక్కనే నేల మీద కూర్చున్నాను. రాత్రే ఫోన్ చేస్తే, కహ్కషాన్ తెల్లవారేసరికి బస్సెక్కి వచ్చింది. ముగ్గురం కలిసి హనుమకొండ పోయాం. డాక్టరుగారు మాత్రలు మార్చారు. ఆమెను ఒంటరిగా వదలొద్దన్నారు. నా ఐదు సున్నాల సంగతి విని, ఇక నుంచి ప్రశ్నలు నేనే స్వయంగా ఆమెను అడగాలన్నారు. శిక్షగా అన్నారో, చికిత్సగా అన్నారో నేను అడగలేదు.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఐదింటికి అడిగాను. ఐదో అంకె సున్నాకు వచ్చి అక్కడే నిలబడటానికి మూడు వారాలు పట్టింది. ఆ సున్నా నేను నొక్కిన సున్నా కాదు, ఆమె చెప్పిన సున్నా. నాలుగో వారం మైసమ్మతో గోడ దగ్గర పది నిమిషాలు నిలబడింది. ఐదో వారం పిల్లిని తిట్టింది. ఆరో వారం నన్ను తిట్టింది. అది రైల్వే గేటు దాకా వినిపించిందట. ఈసారి జనం నన్ను పరామర్శించడానికి వచ్చారు!

మిషన్ వాపస్ ఇస్తూ డాక్టరుగారిని అడిగాను. మాత్రలా, కరెంటా, ప్రశ్నలా, ఏది పనిచేసింది సార్? "విడదీసి చెప్పలేను. మాత్రలు ఆపకండి. ప్రశ్నలు అసలే ఆపకండి" అన్నారు. మిషన్ మాత్రం తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు.

మర్నాడు సాయంత్రం ఐదింటికి నఫీసా అలవాటుగా అదే కుర్చీలో వచ్చి కూర్చుంది. పట్టీ లేదు. యాప్ లేదు. ముఖానికి అడ్డం పెట్టుకోవడానికి నా చేతిలో ఫోన్ కూడా లేదు. గొంతు సవరించుకుని, మనసు ఎట్లున్నది అని అడిగాను.

"మిషన్ పోయింది గదా. ఇప్పుడెవరు అడుగుతున్నరు?"

"నేనే."

చేతిలోని చాయ్ పక్కన పెట్టింది.

"రెండు" అంది.

"అదేంది! నిన్న సున్నా అన్నవు గదా?"

"మిషన్‌కు సున్నా చాలు. మీకు రెండు. జర కూసోండ్రి, చెప్త."

కూర్చున్నాను. చాయ్ చల్లారిపోయింది. మళ్లీ పెట్టాను, అదీ చల్లారింది. ఈ వారం వ్యాసం ఆలస్యంగా అందినందుకు ఎడిటర్‌గారు మన్నించాలి.

కాబట్టి పాఠకులారా, నా మాటలో మార్పేమీ లేదు. ఇంటింటికీ ఒక మిషన్ రావాలి! మానుకోట నుంచి జనగామ దాకా ప్రతి భర్త చేతిలో ఆ ఐదు ప్రశ్నలు పెట్టాలి! అది వచ్చేదాకా మీ సంగతేమిటా అని ఆలోచిస్తున్నాను. మీ ఇంట్లో మిషన్ లేదు కదా? పాపం, మీరే అడగాల్సి వస్తుంది.