జాకీ ఎంపిక అనే మహాయోగం

చిన్న ట్రైలర్‌కి జాకీ కొనడానికి మనిషికి కనీసం ఐదు నెలలు పట్టాలి. అంతకంటే ముందే కొనేసేవాడు ఒట్టి తొందరపాటు మనిషి. అలాంటివాడితో పొత్తు వ్యాపారం పెట్టకండి, పక్క సీట్లో కూర్చుని ప్రయాణం కూడా చెయ్యకండి!

నవ్వకండి. అనుభవంతో చెబుతున్నాను.

ముందు ఏ జాకీయో చెప్పాలి. మా ఆవిడ మొక్కలు పెంచి అమ్ముతుంది. ప్రతి ఆదివారం పొద్దున్నే కుండీలన్నీ రెండు చక్రాల చిన్న ట్రైలర్‌లోకి ఎక్కించి, దాన్ని మా కారు వెనక తగిలించుకుని సంతకి తీసుకెళుతుంది. ట్రైలర్ ముందు ఒక ఇనుప కమ్మీ పొడుచుకొచ్చి ఉంటుంది. దాని చివర బోర్లించిన కప్పు లాంటిది ఒకటి. కారు వెనక ఒక ఇనుప గుండు. కమ్మీని పైకెత్తి, కప్పు సరిగ్గా గుండు మీదికి వచ్చాక దించాలి. ఆ ఎత్తడం, దించడం చేసిపెట్టేదే టంగ్ జాకీ. హ్యాండిల్ తిప్పితే చాలు, నడుం వంచక్కర్లేదు.

మా పాత జాకీ తుప్పు పట్టి ఒక రోజు ఊడి చేతికొచ్చింది. అప్పట్నుంచి కమ్మీ కింద నాలుగు ఇటుకలు పేర్చి, ఆదివారం పూట మా ఆవిడే చేత్తో ఎత్తుతోంది. నేనేం చేస్తానంటారా? పక్కన నిలబడి "కొంచెం ఎడమకి, ఇంకొంచెం, ఆ... ఆ..." అంటాను. అది మాత్రం చిన్న పనా?

"ఏవండీ, కొత్త జాకీ ఒకటి తెచ్చెయ్యరూ" అంది ఆవిడ.

తెచ్చెయ్యడమట! కూరగాయలా తెచ్చెయ్యడానికి?

వెనకటి రోజుల్లో జనం ఎంత దీనంగా బతికారో తలుచుకుంటే జాలేస్తుంది. కొట్టుకెళ్ళి జాకీ కావాలంటే ఉన్న ఒక్కటీ చేతిలో పెట్టేవాడు. తెచ్చుకునేవాళ్ళు, బిగించుకునేవాళ్ళు. మధ్యలో ఆలోచించుకునే భాగ్యమేదీ? ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, నాలుగు వందల పన్నెండు రకాలు! హ్యాండిల్ పైన ఉన్నవి, పక్కన ఉన్నవి. కింద చక్రం ఉన్నవి, ఉత్త పలక ఉన్నవి. నట్లతో బిగించేవి, వెల్డింగ్ చేయించుకునేవి, బటన్ నొక్కితే వాటంతట అవే లేచేవి. ఒకదానికైతే నీలం రంగు లైటు కూడా ఉంది. ఎందుకో వాళ్ళూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అదే దాని అందం.

ఇక రివ్యూల సంగతి! అట్టపెట్టె నొక్కుకుపోయిందని ఒకాయన ఒక్క స్టార్ ఇచ్చాడు. ఇంకా పెట్టె విప్పలేదు గానీ బాగానే ఉంటుందనుకుంటున్నానని ఇంకొకావిడ ఐదు స్టార్లు ఇచ్చింది. మూడో ఆయన జాకీతో మొదలుపెట్టి వాళ్ళ అల్లుడి ప్రవర్తన దాకా వెళ్ళాడు. ముక్కూ మొహం తెలియని ఇంతమంది కష్టసుఖాలు ఇవాళ నాకు కంఠతా వచ్చు. పక్కింటివాళ్ళ కష్టసుఖాలు తెలుసా అని మాత్రం అడక్కండి. వాళ్ళు రివ్యూలు రాయరు.

ఇంత పెద్ద బాధ్యత ఒక్కడివల్ల అవుతుందా? అందుకని మా బావమరిదిని కూడా కలుపుకున్నాను. ఫోన్లో ఒక గ్రూపు పెట్టాం. మా ఆవిడనీ చేర్చాం. మూడో రోజుకల్లా బయటికి వెళ్ళిపోయింది. మొక్కలకి నీళ్ళు పొయ్యాలట! పట్టుదల లేని మనిషి.

"బావా, తీసుకుంటే గట్టిది తీసుకో. రేపు ఇంకా పెద్ద ట్రైలర్ కొంటే?" అన్నాడు బావమరిది.

దూరాలోచన అంటే అది. మూడు గుర్రాలనైనా లేపగల జాకీ ఒకటి తెప్పించాం. ఇద్దరం చెమటలు కక్కుకుంటూ శనివారమంతా బిగించాం. మర్నాడు హ్యాండిల్ తిప్పగానే కమ్మీ రాజసంగా లేచింది, కప్పు గుండు మీద కూర్చుంది. బావమరిది ఫొటో కూడా తీశాడు. అప్పుడు మా ఆవిడ నారు తట్టలు తీసుకుందామని కారు డిక్కీ తెరిచింది. తలుపు నాలుగు వేళ్ళ మేర తెరుచుకుని ఠంగుమని ఆగిపోయింది. జాకీ హ్యాండిల్ నిటారుగా దానికి అడ్డం నిలబడి ఉంది!

"ఇప్పుడు నారు ఎలా తియ్యాలిరా?" అంది.

"వెనక సీటు మీంచి పాకక్కా!" అన్నాడు తమ్ముడు.

పాకింది. ట్రైలర్ విప్పేస్తే తలుపు తెరుచుకుంటుందన్న సంగతి మా ఇద్దరికీ తట్టేసరికి ఆవిడ రెండు తట్టలూ బయటికి తెచ్చేసి, జుట్టులో మట్టి దులుపుకుంటోంది. జాకీని ఊడదీసి వెనక్కి పంపేశాం. ఇటుకలు మళ్ళీ యథాస్థానానికి వచ్చాయి. చూశారా, పరిశోధన చాలకపోతే ఏమవుతుందో!

ఈసారి శాస్త్రీయంగా వెళదామనుకున్నాను. అసలు కమ్మీ ఎంత బరువుందో తెలియకుండా జాకీ కొంటారా ఎవరైనా? బాత్రూంలో ఉన్న తూకం మెషీన్ తెచ్చి, కుండీలన్నీ ఎక్కించాక, కమ్మీ కింద పెట్టాను. అరవై రెండు కిలోలు! నోటుబుక్కులో రాసి చుట్టూ రెండు గీతలు గీశాను.

మా ఆవిడ వంగి చూసింది. "అరవై రెండా? నాకంటే ఎక్కువే" అంది మణికట్టు నొక్కుకుంటూ.

"అదీ! లెక్క అంటే ఇలా ఉండాలి" అన్నాను. ఆవిడ ఒకసారి నా వంక చూసి, కమ్మీ ఎత్తడానికి వంగింది. నా శ్రద్ధకి ముగ్ధురాలైందనుకున్నాను.

ఈ పరిశోధన వల్ల ఒనగూరే లాభాలు అన్నీఇన్నీ కావు. వంటింటి కుళాయి కారుతోందంటే "జాకీ చూస్తున్నాను" అనొచ్చు. కిటికీలు తుడవమంటే "జాకీ చూస్తున్నాను". అబద్ధం కాదు, సోమరితనం అంతకన్నా కాదు. ఇలా నిశ్చింతగా మీనమేషాలు లెక్కపెట్టుకుంటూ ఉంటే ఐదో నెల వచ్చింది. మా ఆవిడ మణికట్టు వాచింది.

డాక్టర్ కట్టు కట్టి, ఆరు వారాలపాటు ఆ చేత్తో చెంబెడు నీళ్ళు కూడా ఎత్తకూడదన్నాడు. శనివారం సాయంత్రం ఆవిడ గుమ్మంలో కూర్చుని కుండీల వంక చూస్తోంది.

"రేపు వెళ్ళకపోతే సంతలో నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారండీ. రెండేళ్ళు ఎదురుచూస్తే దొరికిన చోటు" అంది.

"నేనున్నాను కదా!" అన్నాను. ఐదు నెలల జ్ఞానం వెనకుంది మరి.

పొద్దున్నే నడుం వంచి కమ్మీ పట్టుకున్నాను. కదల్లేదు. మోకాళ్ళు వంచి పట్టుకున్నాను. కదిలింది గానీ లేవలేదు. మూడోసారి పళ్ళు బిగబట్టి ఎత్తితే కప్పు గుండు పైకి వచ్చింది. నా కళ్ళూ వాటి స్థానం నుంచి బయటికి వచ్చాయి.

ఆవిడ పక్కన నిలబడి చూస్తోంది. "కొంచెం ఎడమకి... ఇంకొంచెం... ఉండండి, చూడనివ్వండి."

"త్వరగా చెప్పవే తల్లీ!"

"తొందరపడితే ఎలాగండీ? అన్నీ చూసుకోవాలి కదా" అంది నెమ్మదిగా.

కమ్మీ ధనామని ఇటుకల మీద పడింది. వేళ్ళు వెంట్రుకవాసిలో దక్కాయి. వీధి చివర హార్డ్‌వేర్ కొట్టుకి పరుగెత్తాను. అప్పుడే షట్టర్ ఎత్తుతున్నాడు.

"ఏ రకం జాకీ కావాలి సార్?"

"మీ దగ్గరున్నది."

"రెండున్నాయి. హ్యాండిల్ పైనా, పక్కనా?"

"పక్కన. ఇవ్వండి బాబూ!"

వెళ్ళి రావడానికి పదకొండు నిమిషాలు. పాత బెజ్జాల్లోనే మూడు నట్లు బిగించడానికి ఇంకో ఇరవై. మా ఆవిడ వచ్చి ఎడమ చేత్తో, రెండు వేళ్ళతో హ్యాండిల్ తిప్పింది. అరవై రెండు కిలోలు పిల్లిలా లేచాయి. సంతకి వేళకే చేరాం, చోటూ దక్కింది. దారి పొడుగునా ఆవిడ మొక్కల ధరలే లెక్కవేసుకుంది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

కాబట్టి నా సిద్ధాంతాన్ని కొద్దిగా సవరించుకుంటున్నాను. దేన్నైనా ఐదు నెలలు ఎంచవచ్చు, ఐదేళ్ళయినా ఎంచవచ్చు. ఒక్కటే షరతు. ఈలోగా బరువు ఇంకొకరు మోస్తూ ఉండాలి.

మా ఆఫీసు భవనంలో లిఫ్ట్ చెడిపోయి పద్నాలుగు నెలలైంది. కొత్తది ఎలాంటిది వెయ్యాలో ఎంచడానికి ఒక కమిటీ ఉంది. చాలా జాగ్రత్త గల కమిటీ, ఇరవై రెండు సమావేశాలు జరిపింది. సభ్యులందరి గదులూ కింది అంతస్తులోనే. ఊడ్చి తుడిచే ఆవిడ మాత్రం రోజూ నీళ్ళ బకెట్లు మోసుకుంటూ నాలుగో అంతస్తు దాకా ఎక్కుతుంది. ఆ కమిటీకి కార్యదర్శిని నేనే.

మొన్న సమావేశం నాలుగో అంతస్తులో పెట్టించాను. పైన గదిలో ఏమీ లేవు, ఎవరి కుర్చీ వారే తెచ్చుకోవాలని నోటీసులో రాశాను. రెండో అంతస్తు మెట్ల మీదే నిర్ణయం ఏకగ్రీవంగా అయిపోయింది.