సీలు లేని మంగళవారం

ఏడాది క్రితం గడిచిపోయిన మార్చి పద్నాలుగు, మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల వేళ, అటక మీద పాత జాడీలో చెక్కుచెదరకుండా దొరికింది. నూకరత్నం ఆ మధ్యాహ్నాన్ని స్టీలు క్యారేజీలోకి వంపి, మూత బిగించి, కోర్టుకెళ్లే మొదటి బస్సెక్కింది. ఆ వైపు ఊళ్లలో గడిచిన రోజులు ఇలా మూలల్లో దొరకడం మామూలే.

ఇంక ఆమె సంబరం చూడాలి. మొగుడు గౌరీసు ఏడాదిగా జైల్లో ఉన్నాడు. ఆ మంగళవారం మూడింటికి రైసుమిల్లు గుమాస్తాను కత్తితో పొడిచి చంపాడని కేసు. సరిగ్గా అదే మూడింటికి గౌరీసు సొంత ఇంటి కప్పెక్కి తాటాకు కట్టుకుంటూ, "తాడందించవే, సెవుడా?" అని పెళ్లాన్ని తిడుతున్నాడు. ఆ తిట్టు కూడా క్యారేజీలో భద్రంగా ఉంది. కుదుపులకి ఒలికిపోతుందేమోనని దారంతా ఒళ్లోనే పెట్టుకుంది. కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టలేదు. పాత రోజులకు వాళ్లు తీసుకోరు.

కోర్టులో లాయరు లోకనాథం మూత తీశాడు. ఎండా, తాటాకు వాసనా, గౌరీసు గొంతూ హాలంతా నిండిపోయాయి. బోనులో ఉన్న గౌరీసు కప్పు మీద తన్ను తాను చూసుకుని భోరుమన్నాడు. బంట్రోతు చెమట తుడుచుకుని ఫ్యాను పెంచాడు. నూకరత్నానికి కాళ్లు నేల మీద ఆనలేదు. సాయంత్రం బస్సుకి ఇద్దరం ఇంటికే అనుకుంది.

జడ్జిగారు కళ్లజోడు సర్దుకుని తీరుబడిగా చూశారు.

"నిజమైన మంగళవారమే. అందులో అనుమానం లేదు. స్వాధీనం చేసుకున్నదెవరు?"

"నానే బాబూ. మా అటక మీద దొరికింది."

"పంచనామా రాశారా? ఇద్దరు మధ్యవర్తుల సంతకాలు? లక్క సీలు?"

"అది మా రోజే కదా బాబూ. అందులో మేం బతికినాం."

"బతికితే సరిపోదమ్మా," అన్నారాయన. నిజంగానే జాలిపడ్డారు పాపం.

తర్వాత పోలీసుల మంగళవారం వచ్చింది. గుడ్డలో కుట్టి, నాలుగు మూలలా లక్క ముద్రలేసి ఉంది. పైన మధ్యవర్తులుగా వీఆర్వో దాలినాయుడూ, అతని సహాయకుడూ చేసిన సంతకాలున్నాయి. విప్పితే లోపల జోరున వాన. అందులోని గౌరీసుకు మీసం కాస్త ఎక్కువగా ఉంది, కుడిచేతిలో కత్తి మాత్రం తళతళలాడుతోంది. ఆ రోజు చినుకైనా పడలేదని లోకనాథం గోల పెట్టాడు. సీలు సరిగ్గా ఉంది కాబట్టి వాన పడినట్టేనని కోర్టు నమోదు చేసుకుని, వానల లెక్క దిద్దుకోమని తాలూకా ఆఫీసుకు ఒక కాపీ పంపింది.

గౌరీసుకు యావజ్జీవం పడింది. నూకరత్నం తెచ్చిన మంగళవారాన్ని ఆవరణలో పారబోశారు. అక్కడ కాసేపు ఎండ కాసింది.

ఆమె ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, బుద్ధి తెచ్చుకుంది. ఇంట్లో ఎదిగిన కొడుకున్నాడు, వాడి రోజులైనా పోగొట్టుకోకూడదు. మర్నాడు పొద్దున్నే దాలినాయుడి ఇంటికి పరుగెత్తింది. అప్పటికే అక్కడ జనం గిన్నెలతో, సంచులతో వరస కట్టి ఉన్నారు.

"బాబూ, ఇది మావోడి నిన్నటి రోజు. ఒక్కపాలి సూసి సంతకం ఎట్టండి."

దాలినాయుడు చూడలేదు. పెట్టేశాడు, లక్క సీలూ వేసేశాడు.

"రేపటికీ, ఎల్లుండికీ కూడా కాళీ గుడ్డల మీద ఎట్టేసినాను, పట్టుకెళ్లు. రోజూ ఏటి తిరుగుతావు?"

"రేపట్లో ఏటుంటాది బాబూ?"

"అది స్టేషనోళ్లు రాసుకుంటార్లే."

నూకరత్నం రెండు చేతులా దండం పెట్టింది. కొడుక్కి రేపటి రోజు సీలుతో సహా ఖాయమైందన్న ధైర్యంతో గబగబా ఇంటికి నడిచింది.