ఒకే తానులో రెండు చొక్కాలు

ఆ పొద్దున దర్జీ అనుకున్న పని చిన్నదే. బావమరిది ఆఫీసుకు వెళ్ళాలి, అక్కడి సేఫ్టీ ఆఫీసరును రెండు ముక్కలు అడగాలి, మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి కుట్టుమెషిను ముందు కూర్చోవాలి. కూతురికి ఫైర్ ప్రొటెక్షన్ డిగ్రీలో సీటొచ్చింది. ఫీజు కట్టడానికి ఆ రోజే ఆఖరు. కట్టాలంటే కొట్లోని ఎంబ్రాయిడరీ మెషిను అమ్ముకోవాలి. కొనేవాడు సాయంత్రం వస్తానన్నాడు. మెషిను పోతే ఇంటి సంపాదనలో సగం పోయినట్టే.

బావమరిదికి ఇంట్లో సలహాల మామయ్య అని పేరు. అడక్కుండానే ఇస్తాడని మేనకోడలే పెట్టింది. "నిప్పంటుకుంటేనే కదా బావా ఆ చదువుకి పని? మా ఆఫీసులో ఇన్నేళ్ళలో అగ్గిపుల్ల కూడా వెలగలేదు. ఆ ఆఫీసరు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటాడు. వచ్చి నీ కళ్ళతో చూసుకో" అన్నాడతను. "ఏమీ జరక్కుండా చూడడమే ఆయన పని నాన్నా" అంది కూతురు. దర్జీకి ఇద్దరి మాటా సబబుగానే తోచింది. అందుకే నిద్ర పట్టలేదు.

గళ్ళచొక్కా తొడుక్కుని బయల్దేరాడు. బావమరిది తెచ్చిన గుడ్డలో అతని చొక్కాకు పోగా మిగిలిన ముక్కతో కుట్టుకున్నది అది. మిగిలిందా, మిగిల్చాడా అన్నది దర్జీని అడగదగిన ప్రశ్న కాదు.

వీధి మలుపులో ఉండగా గంట వినబడితే ఏదో బడిగంట అనుకున్నాడు. ఆఫీసు గేటు దగ్గర కుర్చీ ఉంది, కాపలావాడు లేడు. మెట్లెక్కి మూడో అంతస్తు చేరితే అక్కడా ఎవరూ లేరు. బల్లల మీద టీ కప్పులు ఇంకా పొగలు కక్కుతున్నాయి. ఒక కుర్చీ తనంతట తానే మెల్లగా తిరిగి, గోడవైపు మొహం పెట్టి ఆగింది. తీగకు వేలాడుతున్న ఫోను "హలో, ఉన్నారా?" అని ఎవరినో అడుగుతోంది. దర్జీ దాన్ని మర్యాదగా తీసి, దాని చోట పెట్టాడు. ఇంతమంది మనుషులు, ఒక్క గుండీ అయినా రాల్చకుండా ఎలా మాయమయ్యారో అంతుపట్టలేదు. ఇంతలో తెల్లటి పొగ నేలమీద పాకుతూ వచ్చి అతని పాదాలు తడిమింది. దానికి వాసన లేదు, వేడీ లేదు.

చివరి బల్ల కింద గళ్ళచొక్కా కనబడింది. వంగి చూస్తే బావమరిది. మొహం సగం కాలి నల్లబడింది. మెడ మీద ఎర్రటి చారలు. "ఒరేయ్, నేన్రా, మీ బావని" అని కుదిపాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చెయ్యి చల్లగా తగిలింది. ఇంటికెళ్ళి పెళ్ళానికి ఏమని చెప్పాలో తెలియక గుమ్మంవైపు పరిగెత్తాడు.

పొగలోంచి ముగ్గురు ఎదురొచ్చారు. ముగ్గురికీ మొహాలున్న చోట నల్లటి ముసుగులు. ఒకడు దర్జీ ఛాతీవైపు వేలు చూపించాడు.

"గళ్ళచొక్కా. ఇతనే."

మరుక్షణం దర్జీ స్ట్రెచరు మీదున్నాడు.

"నేను కాదు బాబూ, నేను టైలర్ని. పోయింది మా బావమరిది, ఆ బల్ల కింద."

"ఏం నటిస్తున్నాడ్రా" అన్నాడు ముందువాడు మెచ్చుకోలుగా.

కాళ్ళు తన్నుకుంటే నడుముకు ఇంకో పట్టీ బిగించారు. ఏడిస్తే భుజం తట్టారు. ఇక తన పనీ అయిపోయినట్టేననుకున్నాక, కూతురి సంగతైనా తేల్చుకుందామని "ఈ ఫైరు చదువుకి ఉద్యోగాలుంటాయా బాబూ?" అని దీనంగా అడిగాడు. పొగ తలకెక్కిందంటూ మూతికి ఆక్సిజన్ తగిలించారు.

కింద ఆవరణలో ఆఫీసు ఆఫీసంతా వరసల్లో నిలబడి చప్పట్లు కొట్టింది. గళ్ళచొక్కా బాధితుణ్ణి క్షేమంగా రక్షించారని, డ్రిల్లు జయప్రదమైందని సేఫ్టీ ఆఫీసరు మైకులో చెప్పాడు. ఆ సంతోషంలో ఆఫీసు పెద్దాయన అందరికీ మిగతా పూట సెలవిచ్చేశాడు. క్షణంలో ఆవరణ ఖాళీ.

మూతికున్నది తీశాక దర్జీ జరిగింది చెప్పుకున్నాడు. ఆఫీసరు అతని మొహం చూశాడు, చొక్కా చూశాడు, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. నిప్పంటుకుంటే ఏం చెయ్యాలో నేర్పే కసరత్తట ఇది. పొగ మెషినుది, మొహం మీది కాలిన గాయం ఉత్త రంగు. ముసుగువాళ్ళు వచ్చి ఎత్తేదాకా ఎవరు పిలిచినా కదలొద్దని బావమరిదికి చెప్పింది ఆయనే. చప్పట్లు విని ఈపాటికి వాడే దిగిపోయుంటాడని కూడా అన్నాడు.

దర్జీకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "మీరు ఈ చదువే చదివారా సార్?"

"నాదా? అకౌంట్సండీ. ఇది చదివినవాళ్ళు దొరక్క నాకు అంటగట్టారు. ఎవరైనా దొరికితే ఈ సేఫ్టీ గది తాళాలు ఇప్పుడే ఇచ్చేస్తాను."

దర్జీకి ఆ మాట చాలింది. ఇంటికొచ్చి మెషినును ఒకసారి శుభ్రంగా తుడిచి, కొనేవాడికి అప్పజెప్పి, కూతుర్ని వెంటబెట్టుకెళ్ళి ఫీజు కట్టేశాడు.

"మామయ్య ఏమన్నాడు నాన్నా?" అని అడిగింది కూతురు దారిలో.

"ఏమీ అనలేదమ్మా. మొదటిసారి."

చీకటి పడే వేళ మూడో అంతస్తు ఊడ్వడానికి వచ్చినామె లేవయ్యా అని ఎంత బతిమాలినా, ఆమెకు ముసుగు లేదు గనక, సలహాల మామయ్య కదల్లేదు.