ఆకుల మూట కావచ్చు

ఆ పొద్దున ఎడపల్లి మీద మంచు దట్టంగా దిగి, సూర్యుడు చెరుకు చేల వెనక దారి తప్పాడు. దొంగపనికి ఇంతకన్నా మంచి పొద్దు దొరకదనుకున్నాడు లింబయ్య.

గానుగ దగ్గర నుంచి తెచ్చిన బెల్లం ముద్ద రుమాలులో ఇంకా వెచ్చగా ఉంది. ఆయనకు షుగరు. ఇట్లాగే తింటే చూపు పోతుందని డాక్టరు చెప్పిననాటి నుంచి భార్య ముత్తవ్వ ఇంట్లో తీపి అన్నదే లేకుండా చేసింది.

ముత్తవ్వకు పుట్టుకతోనే చూపు లేదు. బీడీలు మాత్రం వాడకట్టులో అందరికంటే ముందు చుడుతుంది. ఈమధ్య మాట్లాడే ఫోను కొన్నది. దేని ముందు పట్టినా ఫొటో తీసి అదేమిటో చెబుతుంది. ఆ మాటలు ఆమె ఎంత వేగంగా పెట్టుకుంటుందంటే, లింబయ్య చెవికి పెనం మీద పేలాలు వేగినట్టే వినిపిస్తాయి.

ఆమె స్నానానికి పోగానే లింబయ్య ఫోను గొంతు తగ్గించి, ఆమె చేసినట్టే తట్టి, బెల్లం ముందు పట్టాడు. తెర మీద అక్షరాలు కూడబలుక్కున్నాడు. 'బెల్లం ముద్ద.'

బీడీల తునికాకు కట్టలు ఆరిపోకుండా చుట్టే తడి గోనెలో బెల్లాన్ని చుట్టి మళ్ళీ పట్టాడు. 'ఆకుల మూట కావచ్చు.'

ఇంత చదువుకున్న ఫోనునే బోల్తా కొట్టించానని మురిసి, తెరకంటిన బెల్లాన్ని వేలితో తుడిచి, ఆ వేలు నాక్కుంటూ మూటను ఆమె ఆకుల గంపలో పెట్టేశాడు.

మధ్యాహ్నం ముత్తవ్వ పక్కింటి వెంకటవ్వ దగ్గరికి పోయింది. లింబయ్య మూట విప్పాడు. ఆకులు. ఇంకోటి విప్పాడు. ఆకులే. అన్నీ విప్పేసరికి ఇల్లంతా అడవి అయింది.

"ఏం దేవులాడుతున్నవ్?" గడపలో ముత్తవ్వ.

"ఆకు ఎండిందేమోనని సూస్తున్న."

"అట్లనా. ఫోన్‌ను అడుగుదాం."

ఆయనకు అర్థమయ్యేట్టు వేగం తగ్గించింది. దాచుకున్న ఫొటోలన్నిటినీ ఫోను నిమ్మళంగా చదివింది. 'బెల్లం ముద్ద. ఆకుల మూట కావచ్చు. మీసాల మనిషి, వేలు నాకుతున్నాడు.'

"మూడోది నేను తియ్యలే," అన్నాడు లింబయ్య.

"అయితే ముందటి రెండు తీసినవన్నట్టు."

"గా బెల్లం ఏడున్నది మరి?"

"వెంకటవ్వ బర్రె ఈనింది. దానికి పెట్టొచ్చిన."

ఆకులు ఏరుకుంటూ ఆమె అన్నది: "ఒక్క ఫోన్ ఒర్రుతేనే నీకు తిప్పలు. నీ కండ్లు గూడ పోతే రెండు ఫోన్లు ఒర్రుతయి. అవి కొట్లాడుకుంటే నడుమ మనం కూసోవాలె."

లింబయ్య నవ్వబోయాడు.

"నాకు సూపు మొదటి నుంచే లేకుండె, పోయిందేం లేదు. నీకు పోతే తెలుస్తది."

ఆయన నవ్వు మీసాల్లోనే ఆగిపోయింది.

జొన్నరొట్టె, కాకరకాయ కూర పెట్టి ఆమె ఫోను ఆపేసింది. లింబయ్య కాకరకాయ ముక్క ఒక్కటి కూడా వదల్లేదు. పక్కింట్లో బర్రె తృప్తిగా అరిచింది.